టైటానిక్‌లో మూడో తరగతి వాళ్ళే ఎందుకు అంతమంది పోయారు? తాళాలు వేశారా, పట్టించుకోలేదా?

పల్నాటిగాలి:

టైటానిక్ అనగానే మనలో చాలామందికి కళ్ళముందు మెదిలేది ఇనుప గేట్లు, వాటి వెనక కేకలు పెడుతున్న పేదవాళ్ళు. అది సినిమా కల్పన అని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు, అక్షరాలా అలాగే జరిగిందని నమ్మేవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు గేట్ల సంగతి ఎలా ఉన్నా అంకెలు చూస్తే నిద్ర పట్టదు.

1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి మంచుకొండ తగిలింది. ఓడ మునిగింది 15న తెల్లవారుజామున 2:20కి. మధ్యలో రెండు గంటల నలభై నిమిషాలు ఉంది. బ్రిటిష్ విచారణ జరిపిన లార్డ్ మెర్సీ నివేదికలోని పట్టిక ప్రకారం మొదటి తరగతి ఆడవాళ్ళు 144 మందిలో 140 మంది బతికారు. మూడో తరగతి ఆడవాళ్ళు 165 మందిలో 76 మందే బతికారు. పిల్లల లెక్క ఇంకా ఘోరం. రెండో తరగతి పిల్లలు 24 మందీ క్షేమంగా బయటపడితే, మూడో తరగతి పిల్లలు 79 మందిలో 52 మంది పోయారు. గుడ్విన్ కుటుంబంలో అమ్మా నాన్నా ఆరుగురు పిల్లలూ, ఒక్కరు మిగల్లేదు. సేజ్ కుటుంబంలో పదకొండు మందీ పోయారు.

"ఆడవాళ్ళు, పిల్లలు ముందు" అన్నది కెప్టెన్ స్మిత్ ఆజ్ఞ. మరి ఈ 52 మంది పిల్లలు కాదా? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వాళ్ళు పేదవాళ్ళు, వలస వెళ్తున్నవాళ్ళు కాబట్టే వదిలేశారు. కాదనేవాళ్ళు ఉంటే ఆధారాలతో రండి.

లెక్కలమాస్టారు:

పల్నాటిగాలి గారూ, మీ అంకెలు సరైనవే. కానీ అదే పట్టికలో మీరు ముట్టుకోని వరుస ఒకటుంది, మగవాళ్ళది. మొదటి తరగతి మగవాళ్ళు 175 మందిలో 57 మంది బతికారు. రెండో తరగతి వాళ్ళు 168 మందిలో 14 మంది, అంటే నూటికి 8. మూడో తరగతి వాళ్ళు 462 మందిలో 75 మంది, నూటికి 16.

టిక్కెట్టు చూసి బోటు ఎక్కించి ఉంటే, రెండో తరగతిలో వెళ్తున్న టీచర్లు, పాస్టర్లు, దుకాణదారులు మూడో తరగతి కూలీల కంటే ఎక్కువమంది బతకాలి కదా. నూటికి ఎంతమంది అని చూస్తే, కూలీలతో పోల్చితే సగమే బతికారు. దీనికి మీ దగ్గర సమాధానం ఉండాలి.

నా దగ్గర ఉన్న సమాధానం ఇది. ఎడమవైపు బోట్లు చూసిన ఓడ అధికారి లైటోలర్ ఆజ్ఞను "ఆడవాళ్ళు, పిల్లలు మాత్రమే" అని తీసుకున్నాడు. కుడివైపు చూసిన అధికారి మర్డాక్ మాత్రం దగ్గర్లో ఆడవాళ్ళు లేకపోతే మగవాళ్ళనీ ఎక్కించాడు. మగవాడి ప్రాణం అతను ఏ పక్కన నిలబడ్డాడన్న దాని మీద ఆధారపడింది. ఇందులో వర్గం కంటే అధికారుల స్వభావం, చీకటి, గందరగోళం ఎక్కువ కనిపిస్తున్నాయి.

పల్నాటిగాలి:

మాస్టారూ, రెండో తరగతి మగవాళ్ళు తక్కువగా బతికింది వాళ్ళు మర్యాద పాటించి వెనక నిలబడ్డారు కాబట్టి అనుకోవచ్చు. వాళ్ళు బోట్ డెక్ మీదే ఉన్నారు, బోట్లు కళ్ళతో చూశారు, ఎక్కలేదు. మూడో తరగతి తల్లికి బోటు కనబడనే లేదు. ఈ రెండు చావుల్నీ ఒకే గాటన కట్టొద్దు.

బ్రాడీపేట:

ఈ ఓడలో మా గుంటూరు పిల్ల ఒకతె ఉందని ఇక్కడ ఎంతమందికి తెలుసో. రూత్ బెకర్, 1899లో గుంటూరులో పుట్టింది. తండ్రి అలెన్ బెకర్ అమెరికన్ లూథరన్ మిషన్‌లో పనిచేసేవాడు. మన ఏసీ కాలేజీ, కుగ్లర్ ఆసుపత్రి పెట్టిన మిషనే. చిన్న తమ్ముడు రిచర్డ్‌కి జబ్బు చేస్తే, అమెరికా తీసుకెళ్తేగానీ బతకడని డాక్టర్లు చెప్పారు. తల్లి నెలీ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని రెండో తరగతిలో బయల్దేరింది. తండ్రి గుంటూరులోనే ఉండిపోయాడు. రూత్‌కి అప్పుడు పన్నెండేళ్ళు.

ఈ కుటుంబం ఎలా బయటపడిందో చూస్తే మన చర్చకు పనికొస్తుంది. ఇంజన్లు ఆగిపోయిన నిశ్శబ్దానికి తల్లికి మెలకువ వచ్చింది. బయటికొచ్చి ఒక స్టీవార్డుని, అంటే కేబిన్లు చూసుకునే సిబ్బందిని, అడిగితే ఏం లేదు, పడుకోండి అన్నాడు. ఆవిడ మనసు ఒప్పక మళ్ళీ వెళ్ళి ఇంకొకర్ని అడిగింది. ఈసారి లైఫ్‌బెల్టులు కట్టుకుని వెంటనే పైకి వెళ్ళమన్నారు. బట్టలు మార్చుకునే టైమ్ ఉందా అంటే, దేనికీ టైమ్ లేదన్నారు. పైకి వెళ్ళాక చలికి దుప్పట్లు తెమ్మని రూత్‌ని మళ్ళీ కేబిన్‌కి పంపింది. ఆ పిల్ల వెళ్ళి తెచ్చింది కూడా! 11వ నంబరు బోటులో చిన్న పిల్లలిద్దర్నీ పెట్టి, ఇక చోటు లేదన్నారు. తల్లి అరిచి గొడవ చేసి ఎక్కింది. రూత్ డెక్ మీదే మిగిలిపోయింది. ఇంకో బోటు ఎక్కమని తల్లి కేక వేస్తే, పక్కనున్న 13వ బోటు దగ్గరికి పోయి, నేనూ ఎక్కొచ్చా అని అడిగింది. ఎత్తి లోపల పడేశారు.

ఇప్పుడు ఆలోచించండి. అడగడానికి దగ్గర్లో స్టీవార్డు ఉన్నాడు. అడగడానికి, అరవడానికి ఇంగ్లీషు ఉంది. రెండో తరగతి మెట్లు తిన్నగా బోట్ డెక్‌కి పోతాయి. కేబిన్‌కి దిగి మళ్ళీ పైకి రావడం పన్నెండేళ్ళ పిల్ల ఒక్కతే చేయగలిగింది. ఇవన్నీ ఉండి కూడా ఆ కుటుంబం రెండు ముక్కలైంది. ఇవేవీ లేని, మూడో తరగతిలో సిరియా నుంచి వలస వెళ్తున్న తల్లి సంగతి ఏమిటి?

అదే 13వ బోటులో లియా ఆక్స్ అనే మూడో తరగతి తల్లి ఉంది. ఆమె పది నెలల కొడుకుని ఎవరో చేతుల్లోంచి లాక్కుని కింద దిగుతున్న 11వ బోటులోకి వేసేశారు. బోట్లలో ఉన్నవాళ్ళని కాపాడిన కార్పేథియా ఓడ ఎక్కాకగానీ బిడ్డ దొరకలేదు. కాబట్టి మూడో తరగతి వాళ్ళని బోట్ల దగ్గర్నుంచి తోసేశారు అనడం కూడా పూర్తి నిజం కాదు. పైకి చేరినవాళ్ళు ఎక్కారు. చేరడమే కష్టమైంది.

డాలస్ అమ్మాయి:

బ్రాడీపేట గారు, ఇది నాకు అస్సలు తెలియదు. మా అమ్మమ్మ వాళ్ళది గుంటూరే. థాంక్స్ అండీ.

విశాఖ తీరం:

నేను మర్చంట్ నేవీలో పనిచేస్తాను. ఓడలో దారి అంటే ఏమిటో కొంచెం చెప్తాను, ఎందుకంటే ఈ వాదన ఎప్పుడూ గేటు దగ్గరే ఆగిపోతుంది.

టైటానిక్‌లో మూడో తరగతి గదులు ఓడ రెండు కొసల్లో ఉండేవి. పెళ్ళికాని మగవాళ్ళు ముందు కొసలో, ఆడవాళ్ళూ కుటుంబాలూ వెనక కొసలో. నీళ్ళు మొదట వచ్చింది ముందు కొసలోకి. ఆ మగవాళ్ళు పెట్టెలు నెత్తిన పెట్టుకుని, ఈ-డెక్‌లో సిబ్బంది "స్కాట్లండ్ రోడ్" అని పిలుచుకునే పొడుగాటి నడవా గుండా వెనక్కి వచ్చారు. అందుకే వాళ్ళకి ప్రమాదం ముందే తెలిసింది. వెనక ఉన్న కుటుంబాలకి చాలాసేపు ఏమీ తెలియలేదు. అక్కడ నేల పొడిగా ఉంది, దీపాలు వెలుగుతున్నాయి.

బోట్లన్నీ బోట్ డెక్ మీద ఉన్నాయి. ఆ డెక్‌లో ముందు వైపు మొదటి తరగతి వాళ్ళది, వెనక వైపు రెండో తరగతి వాళ్ళది. మూడో తరగతికి అక్కడ చోటే లేదు. వాళ్ళ మెట్లు వాళ్ళ బయటి డెక్ దాకా వచ్చి ఆగిపోతాయి. అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్ళాలంటే వేరే తరగతుల వాళ్ళ ప్రాంతం గుండా వెళ్ళాలి. రోజూ అక్కడికి వెళ్ళకూడదని చెప్పిన చోటు గుండా ఆ రాత్రి వెళ్ళాలి. దారి చూపే బోర్డులు లేవు, మైకులు లేవు, ఓడంతా వినిపించే అలారం లేదు. ఏ బోటు ఎవరిదో ప్రయాణికులకు చెప్పలేదు.

గేట్ల గురించి ఒక్క మాట. బయటి డెక్ మీద తరగతుల మధ్య ఉన్నవి నడుమెత్తు గేట్లు. సినిమాల్లో చూపించే నేల నుంచి కప్పు దాకా ఉన్న జైలు ఊచల లాంటివి కావు. మనిషి దాటగలడు. కానీ అవతల యూనిఫాం వేసుకున్నవాడు నిలబడి వెనక్కి పొమ్మంటే, భాష రాని మనిషి, జీవితమంతా పెద్దవాళ్ళ మాట విన్న మనిషి దాటుతాడా? అదీ ప్రశ్న.

లెక్కలమాస్టారు:

విశాఖ తీరం గారు చెప్పింది నా వాదనకే బలం ఇస్తోంది. గదులు కొసల్లో ఉండటం ఆ కాలపు ఓడలన్నిటిలో ఉన్నదే. అడ్డుగోడలు పెట్టడానికి కారణం అమెరికా వలస చట్టం. మూడో తరగతి వాళ్ళని న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలాండ్‌లో వైద్య పరీక్ష చేయాలి కాబట్టి, అంటురోగాల భయంతో వేరుగా ఉంచాలన్నారు. ఓడ నడిపిన వైట్ స్టార్ కంపెనీ సొంతంగా కనిపెట్టిన దుర్మార్గం కాదు. బోట్ల సంఖ్య కూడా అంతే. 1894 నాటి బ్రిటిష్ ప్రభుత్వ బోర్డ్ ఆఫ్ ట్రేడ్ నిబంధనలు పది వేల టన్నులు దాటిన ఓడకి 16 బోట్లు చాలన్నాయి. టైటానిక్ 46,328 టన్నులు, అయినా చట్టం అడిగినదానికంటే ఎక్కువగా 20 బోట్లు పెట్టారు.

తర్వాత జరిగిన ప్రమాదం చూడండి. 1915 మే 7న లుసిటానియా ఓడని జర్మన్ జలాంతర్గామి కొట్టింది. 18 నిమిషాల్లో మునిగింది, 1,198 మంది పోయారు. అక్కడ ఏ తరగతి అన్నది పెద్దగా తేడా చూపించలేదు. ఉప్సాలా విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు 18 ఓడ ప్రమాదాలు పరిశీలించి 2012లో ప్రచురించారు. మొత్తం మీద ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే తక్కువగానే బతికారు, అందరికంటే ఎక్కువ బతికింది సిబ్బంది. టైటానిక్‌లో ఆడవాళ్ళు అంతమంది బతకడమే అరుదైన సంగతి. అరుదుగా మంచి జరిగిన చోట దుర్మార్గం వెతుకుతున్నామేమో.

చట్టంచదివినవాడు:

నేను రెండు విచారణల వాంగ్మూలాలు చదివాను, న్యూయార్క్, వాషింగ్టన్‌లలో అమెరికా సెనేటర్ విలియం స్మిత్ జరిపినదీ, లండన్‌లో మెర్సీ జరిపినదీ. రెండు పక్షాలూ అవే వాక్యాల్ని తమకు కావలసినట్టు వాడుకుంటాయి. అందుకని పూర్తిగా చెప్తాను.

సెనేట్ ముందు సాక్ష్యం చెప్పిన మూడో తరగతి ప్రయాణికులు ముగ్గురు. డేనియల్ బక్లీ అనే ఐరిష్ కుర్రాడు, మొదట తమని కిందే ఉంచాలని చూశారని, ఒకతను మెట్లు ఎక్కితే ఒక నావికుడు తోసేసి గేటుకి తాళం వేశాడని, తోయించుకున్నవాడు ఆ తాళం పగలగొట్టి వెంటపడ్డాడని చెప్పాడు. అదే బక్లీని, కింద ఉన్నవాళ్ళకి పైకి వచ్చే అవకాశం దొరికిందా అని అడిగితే, దొరికిందనే అన్నాడు. నార్వే నుంచి వచ్చిన ఓలావుస్ అబెల్సెత్, గేటు మూసి ఉండటం వల్ల చాలామంది సరుకులు ఎత్తే క్రేన్ల మీద పాకి బోట్ డెక్‌కి వెళ్తుండగా చూశానన్నాడు. తాళం వేసి ఉందో లేదో తనకి తెలియదు, మూసి మాత్రం ఉందన్నాడు. తర్వాత ఒక అధికారి వచ్చి ఆడవాళ్ళని రమ్మని పిలిచాడు, గేటు తెరిచారు. మూడో సాక్షి బెర్క్ పికార్డ్ తనకి తెలిసినంతవరకు ఎవరూ అడ్డుపడలేదన్నాడు.

లండన్ విచారణలో మూడో తరగతి ప్రయాణికుల్లో ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు. వాళ్ళ తరఫున నిలబడ్డ న్యాయవాది హార్బిన్సన్, వాళ్ళని అడ్డుకున్నారనడానికి విచారణలో ఏ సాక్ష్యమూ రాలేదని చెప్పారు. సాక్షుల్ని పిలవకపోతే సాక్ష్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ తర్వాత మెర్సీ, అన్యాయం జరిగిందన్న మాటలో నిజం లేదని రాసి, మూడు కారణాలు చూపించాడు. ఓడ వదలడానికి వాళ్ళు ఇష్టపడలేదు, సామాను వదలలేకపోయారు, వాళ్ళ గదులు ఓడ కొసల్లో ఉన్నాయి. మొదటి రెండూ బాధితుల మీదకే తోసేవి. వాళ్ళలో ఒక్కరినీ వినకుండా వాళ్ళ మనసులో ఏముందో రాశాడు.

పట్టికలో కూడా తప్పుంది. మొదటి తరగతి పిల్లలు ఆరుగురూ బతికారని ఉంది. రెండేళ్ళ లొరెయిన్ ఆలిసన్ తల్లిదండ్రులతో పాటు పోయింది. ఆ తరగతిలో పోయిన పాప ఆమె ఒక్కతే.

పల్నాటిగాలి:

చట్టంచదివినవాడు గారూ, ఆ నివేదికనే పట్టుకుని ఇన్నేళ్ళూ "విచారణలో తేలిపోయింది" అంటున్నారు. తేలలేదు. అడగలేదు.

డాలస్ అమ్మాయి:

నాకు లెక్కల కంటే ఆ తర్వాత జరిగినది చూస్తే ఎక్కువ అర్థమవుతుంది. మునిగే రాత్రి గందరగోళం అనుకుందాం, చీకటి అనుకుందాం. తెల్లారాక గందరగోళం లేదు కదా.

శవాల కోసం కెనడాలోని హాలిఫాక్స్ నుంచి మెకే-బెనెట్ అనే ఓడని పంపారు. 306 శవాలు దొరికాయి. వాటిలో 116 మందిని తిరిగి సముద్రంలోనే వేశారు. అన్నిటికీ సరిపడా పెట్టెలు, శవం పాడవకుండా ఉంచే మందులు లేవు. ఎవర్ని ఒడ్డుకి తేవాలి, ఎవర్ని వెయ్యాలి అన్నప్పుడు మొదటి తరగతి వాళ్ళని పెట్టెల్లో పెట్టారు, మిగతావాళ్ళని గుడ్డలో చుట్టారు. పేరున్నవాళ్ళ ఆస్తి వ్యవహారాలు తేలాలి కాబట్టి వాళ్ళ శరీరాలు కావాలని ఆ ఓడ కెప్టెన్ చెప్పుకున్న కారణం. గుడ్విన్ వాళ్ళ చంటిపిల్లాడు సిడ్నీ పేరు లేని శిశువుగా హాలిఫాక్స్‌లో సమాధి అయ్యాడు. అది అతనేనని 2007లోగానీ తేలలేదు.

ఇంకొకటి. మూడో తరగతిలో ఎనిమిది మంది చైనా వాళ్ళున్నారు. ఆరుగురు బతికారు. కార్పేథియా ఏప్రిల్ 18 రాత్రి న్యూయార్క్ చేరింది. మిగతావాళ్ళకి దుప్పట్లు, డబ్బులు, బంధువుల కౌగిళ్ళు దొరికాయి. ఈ ఆరుగురిని చైనీయుల ప్రవేశ నిషేధ చట్టం ప్రకారం దేశంలోకి అడుగుపెట్టనివ్వలేదు. మర్నాడే వేరే ఓడ ఎక్కించి పంపేశారు. పత్రికలు వాళ్ళని దొంగచాటుగా ఎక్కినవాళ్ళని రాశాయి. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కారు వాళ్ళు. నేనూ ఈ దేశానికి వలస వచ్చినదాన్నే, ఇది చదివినప్పుడు చాలా ఏడ్చాను. మాస్టారూ, ఒక వ్యవస్థ బతికి వచ్చినవాళ్ళనీ చచ్చినవాళ్ళనీ తరగతి, దేశం చూసి వేరు చేసింది అని ఒప్పుకుంటే, మధ్యలో ఆ రెండు గంటల నలభై నిమిషాలు మాత్రం అందర్నీ సమానంగా చూసిందని ఎలా నమ్మను?

లెక్కలమాస్టారు:

అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. చైనా వాళ్ళ విషయంలో జరిగింది పచ్చి అన్యాయం, అందులో వాదన లేదు. నేను అడిగేది ఒక్కటే. ఆ రాత్రి బోట్ డెక్ మీద ఏ అధికారి అయినా "వీళ్ళు మూడో తరగతి, ఆపండి" అని ఆజ్ఞ ఇచ్చాడా? ఇచ్చినట్టు ఎక్కడా లేదు. మొదటి బోట్లు సగం ఖాళీగా దిగాయి. 7వ బోటులో 65 మంది పట్టే చోట 28 మందే వెళ్ళారు. 1వ బోటులో 40 మందికి బదులు 12 మంది. మొదటి తరగతి వాళ్ళే ఎక్కడానికి ఒప్పుకోలేదు. వెలుగులతో మెరిసే పెద్ద ఓడ వదిలి, చలిలో తాళ్ళకి వేలాడే చిన్న బోటు ఎక్కమంటే ఎవరు ఎక్కుతారు? ఓడ మునుగుతుందని పైవాళ్ళే నమ్మలేదు.

చట్టంచదివినవాడు:

ప్రయాణికులు నమ్మలేదు, నిజమే. ఓడని గీసిన థామస్ ఆండ్రూస్ అర్ధరాత్రి ప్రాంతంలోనే అడుగు భాగం చూసి వచ్చి, గంట, గంటన్నరకి మించి ఉండదని కెప్టెన్‌కి చెప్పేశాడు. కెప్టెన్‌కి తెలుసు. తెలిసిన మనిషి ఎవరికి చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు అన్నదే కదా మన విషయం.

హార్ట్ అనే స్టీవార్డు సాక్ష్యం ఇక్కడ పెట్టాలి. వెనక భాగంలో 58 మంది మూడో తరగతి వాళ్ళు అతని బాధ్యత. ఆడవాళ్ళని పైకి పంపమన్న మాట అతనికి పన్నెండున్నర ప్రాంతంలో అందింది. ముప్పై మందిని తీసుకుని 8వ బోటు దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళలో కొందరు చలికి, భయానికి తిరిగి లోపలికి వెళ్ళిపోయారని కూడా అతనే చెప్పాడు. మళ్ళీ కిందికి వెళ్ళి పాతిక మందిని తెచ్చి 15వ బోటు ఎక్కించాడు. అప్పటికి దాదాపు 1:40. మూడోసారి వెళ్ళబోతే, నువ్వూ బోటు ఎక్కు అని అధికారి ఆపాడు.

ఒక్క మనిషి, రెండు ట్రిప్పులు, యాభై మందికి పైగా. 15వ బోటులో మూడో తరగతి ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారంటే ఈ మనిషి వల్ల. హార్ట్ లాంటివాళ్ళని ఇంకో పది మందిని పంపి ఉంటే ఆ పట్టిక ఎలా ఉండేదో ఆలోచించండి.

పల్నాటిగాలి:

నేను కూడా ఒక లెక్క చేశాను మాస్టారూ, మీరే సరిచూడండి. అన్నీ మెర్సీ అంకెలే. ప్రయాణికుల్లో ఆడవాళ్ళు 402, సిబ్బందిలో 23, పిల్లలు 109. మొత్తం 534. ఇరవై బోట్లలో చోటు 1,178. ఓడలో ఉన్న ప్రతి ఆడమనిషినీ ప్రతి పిల్లనీ ఎక్కించినా ఇంకా 644 చోట్లు మిగులుతాయి. చనిపోయిన ఆడవాళ్ళు 109, పిల్లలు 52, మొత్తం 161. బతికినవాళ్ళు 711. అంటే 467 చోట్లు వాడలేదు.

బోట్లు చాలలేదు కాబట్టి పోయారు అన్న మాట మగవాళ్ళకి వర్తిస్తుంది. ఆ 161 మందికి వర్తించదు. వాళ్ళ కోసం చోటు ఉంది, ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ 161లో మూడో తరగతి వాళ్ళు 141 మంది.

విశాఖ తీరం:

తమ్ముడూ, ఆ లెక్కలో ఒక సవరణ. ఇరవైలో రెండు మడత బోట్లు, ఏ, బీ, సరిగ్గా దించలేకపోయారు. ఒకటి తలకిందులుగా తేలింది, ఇంకొకటి నీళ్ళు నిండి తేలింది. ఒక్కోదానికి 47 చొప్పున తీసెయ్యి. మిగిలిన 18 బోట్లలో 1,084 చోట్లు. బతికిన 711 మందీ వీటిలోనే వెళ్ళారనుకున్నా 373 ఖాళీ. నీ మాట నిలబడుతుంది, అంకె తగ్గుతుంది అంతే.

లెక్కలమాస్టారు:

లెక్క సరిగ్గా ఉంది. చోటు ఉందన్నదాంట్లో నాకు పేచీ లేదు. నా పేచీ మీ మొదటి పోస్టులో "వదిలేశారు" అన్నదాంతో. కావాలని వదిలేయడానికీ, ఏం చేయాలో ముందుగా ఎవరికీ చెప్పకపోవడానికీ తేడా ఉంది. రెండోది జరిగింది. మొదటిది రుజువు కావాలంటే రెండో తరగతి మగవాళ్ళ నూటికి 8కి జవాబు చెప్పాలి. అది ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

పల్నాటిగాలి:

చెప్తాను. మగవాళ్ళని ఆపింది బోటు దగ్గర నిలబడ్డ అధికారి. ఆ నియమం అందరికీ ఒకటే, అందులో మీతో నాకు తగాదా లేదు. ఆడవాళ్ళకి, పిల్లలకి బోటు దగ్గర అడ్డు లేదు, బ్రాడీపేట గారు చెప్పిన లియా ఆక్స్‌ని చూడండి. వాళ్ళకి అడ్డు పడింది కింద, గదికీ డెక్‌కీ మధ్య. అందుకే వర్గం ప్రభావం ఆడవాళ్ళ అంకెల్లో, పిల్లల అంకెల్లో కనిపిస్తుంది, మగవాళ్ళ అంకెల్లో కలగాపులగం అవుతుంది. మొదటి తరగతిలో స్టీవార్డు ఒక్కో తలుపు తట్టి, లైఫ్‌బెల్టు తానే కట్టి పంపించాడు. హార్ట్‌కి 58 మంది. ఈ కేటాయింపు ఆ రాత్రి చీకట్లో జరగలేదు, సౌతాంప్టన్‌లో డ్యూటీ చార్టు రాసినప్పుడు జరిగింది. టిక్కెట్టు ధరని బట్టి రాశారు. ఎవరూ తాళం వేయక్కర్లేదు మాస్టారూ, అందుకే నాకు గేటు కథ కంటే ఈ చార్టు ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

బ్రాడీపేట:

ఇక్కడ ఒక ప్రశ్న విశాఖ తీరం గారికి. అప్పుడున్న సిబ్బందితోనే, అప్పుడున్న టైమ్‌లోనే ఏమైనా చేయగలిగేవాళ్ళా? లేక మనం వందేళ్ళ తర్వాత ఒడ్డున కూర్చుని మాట్లాడుతున్నామా?

విశాఖ తీరం:

చేయగలిగేవాళ్ళు. వంట, వడ్డన, కేబిన్ల విభాగంలోనే నాలుగొందల మందికి పైగా ఉన్నారు. బోట్లు దించే పని వాళ్ళకి రాదు, దానికి నావికులు కావాలి. దారి చూపించడానికి నావికుడు అక్కర్లేదు.

1914 జనవరిలో లండన్‌లో కొన్ని దేశాలు కూర్చుని సముద్ర భద్రత ఒప్పందం రాసుకున్నాయి. అందరికీ బోట్లు ఉండాలన్నారు, వైర్‌లెస్ 24 గంటలూ వినాలన్నారు, మంచుకొండల గస్తీ పెట్టారు. కానీ దారి తెలియడం అనే విషయం మాత్రం ఎప్పుడూ వెనకబడుతూనే ఉంది. 2012లో కోస్టా కాంకర్డియా ఇటలీ ఒడ్డున ఒరిగినప్పుడు, అదే రోజు ఎక్కిన వందల మందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ప్రయాణికుల డ్రిల్ ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే జరగాలన్న నియమం ఆ తర్వాతే వచ్చింది. అంతకుముందు 24 గంటల గడువు ఉండేది.

మీరు అడిగినదానికి సూటిగా. హార్ట్ చెప్పిన దారి ఇది: వెనక గదుల నుంచి మెట్లెక్కి సీ-డెక్, అక్కడి నుంచి బయటి డెక్ దాటి, రెండో తరగతి లైబ్రరీ పక్కగా, మొదటి తరగతి మెట్ల దగ్గరికి, అక్కడి నుంచి బోట్ డెక్. కొత్తవాళ్ళు తప్పిపోయే మలుపులు మూడు. పన్నెండున్నరకి ఆ మూడు మలుపుల్లో ఇద్దరేసి స్టీవార్డుల్ని నిలబెట్టి, గేట్లు తెరిచి కట్టేసి, ఇంకో పది మందిని తలుపులు తట్టడానికి వెనక గదుల్లోకి పంపితే చాలు. భాష రాకపోయినా చెయ్యి చూపిస్తే నడుస్తారు. మొత్తం పదహారు మంది. స్కాట్లండ్ రోడ్ చివర ఇంకొకర్ని పెడితే ముందు కొస నుంచి వచ్చే మగవాళ్ళు కూడా అదే మెట్ల దగ్గరికి చేరేవాళ్ళు, తమ భార్యాపిల్లలు లేనివాళ్ళు కనీసం పక్కవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్ళు. ఓడలో ఆ పదిహేడు మంది ఉన్నారు. వాళ్ళకి ఆ పని ఎవరూ చెప్పలేదు.